దండ లేని పటం

మస్తాన్‌బీ బడికి పోలేదు గానీ మాటల్లో ఎవరికీ తీసిపోయేది కాదు. ఆత్మకూరు బస్టాండు పక్కన ఆమెకు కొయ్యగరిటెల అంగడి ఉండేది. ఉదయగిరిలో తమ్ముడు షావలి, వాళ్ళ వీధివాళ్ళు కొండచెక్కతో చెక్కిన గరిటెలు, తెడ్లు, దువ్వెనలు మూటగట్టి బస్సు మీద వేస్తే ఆమె ఇక్కడ దించుకొని అమ్మేది. శుక్రవారం వస్తే అనుమసముద్రంపేట దర్గా దగ్గర గుడ్డ పరిచేది. దర్గాకు అరవవాళ్ళు వస్తారు, కన్నడంవాళ్ళు వస్తారు, బొంబాయి వైపువాళ్ళు వస్తారు. అందరితోనూ వాళ్ళ మాటల్లోనే బేరం నడిపేది.

"కొనేవాళ్ళు మన మాట నేర్చుకొని వచ్చేదాకా కూచుంటే గరిటెలకు పురుగు పడతాది" అనేది.

మాట కూడా ఆమెకు సరుకే. దండిగా మోయకూడదు, మోసినది రెండు చోట్ల చెల్లుబాటు కావాలి. అందుకని ఏ భాషను పట్టుకున్నా ముందు రెండేసి పనులు చేసే మాటల్ని ఏరుకొనేది. ఒక్క మాట మోసుకొస్తే రెండు బేరాలు తెగాలి. ఆమె చదువంతా ఆ లెక్క మీదే సాగింది.

సోమశిల డ్యాం పని ముమ్మరంగా నడుస్తున్న రోజుల్లో ఆమె ఇంటి వెనక వాటాలోకి హంగరీ దేశపు పిల్ల అద్దెకు దిగింది.

ఆ పిల్ల భర్త తిరుపాలు కలిగిరి దగ్గర పల్లెవాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఆదిశేషమ్మ గొర్రెలు మేపి చదివించింది. సర్కారు స్కాలర్‌షిప్పు మీద బుడాపెస్టుకు పోయి నీళ్ళ ఇంజనీరింగు చదివి, వస్తూ వస్తూ తనతో చదివిన ఎర్జీని పెళ్ళి చేసుకొని వచ్చాడు. డ్యాం దగ్గర క్వార్టర్లు ఇంకా పైకి లేవలేదు. వారమంతా అతను క్యాంపులో రేకుల షెడ్డు కింద ఉండి, ఆదివారం ఆత్మకూరుకు వచ్చేవాడు. మిగతా రోజులు ఎర్జీ ఒక్కతే.

పక్కన టీ అంగడి సిద్ధయ్య పేరు విని నవ్వాడు. "ఏందక్కా, ఆయమ్మ పేరు అర్జీనా? ఏ ఆఫీసులో పెట్టుకోవాల?"

"నీ నోట్లో పెట్టుకో" అంది మస్తాన్‌బీ.

మొదటి రెండు వారాలు ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. పొద్దున తలుపు తీసేది, నీళ్ళు పట్టుకునేది, తలుపు వేసుకునేది. అట్లా మనిషి మాటా పలుకూ లేకుండా ఉంటే ఇల్లు అద్దెకిచ్చినట్టు ఉండదు, ఖాళీగా పెట్టుకున్నట్టు ఉంటుంది. మస్తాన్‌బీకి ఏ చోటు ఖాళీగా ఉన్నా ఊపిరాడదు. ఒక పొద్దున ఎర్జీని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి అంగట్లో పీట మీద కూర్చోబెట్టింది.

గరిటె ఎత్తి చూపించింది. "ఇదేంది?"

ఎర్జీ ఆమెను, గరిటెను మార్చి మార్చి చూసి, "కనాల్" అంది.

మస్తాన్‌బీ గరిటెను గోటితో తట్టింది. "ఇది? ఈ చెక్క?"

"ఫా."

అంతటితో ఆగకుండా ఎర్జీ టీ అంగడి ముందున్న వేపచెట్టును చూపించింది. అదీ "ఫా" అంది.

"చెట్టూ ఫానే, చెక్కా ఫానేనా!" మస్తాన్‌బీ మొహం విప్పారింది. "సిద్ధయ్యా, ఇన్నావా? ఒకటి తీసుకుంటే ఇంకోటి ఊరికే వస్తా ఉండాది."

"అట్టే బొగ్గుల్ని గూడా అడిగి చూడక్కా, మూడోది గూడా ఊరికే వస్తాదేమో."

ఆ రోజు నుంచి ఎర్జీ పొద్దునపూట అంగట్లోనే ఉండేది. నేర్పడంలో ఆమె కూడా గట్టిదే. మస్తాన్‌బీకి జంటమాటలంటే ఇష్టమని కనిపెట్టి, రోజుకు ఒకటో రెండో వెతికి తెచ్చేది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని సూర్యుణ్ణి చూపించి "నాప్" అనేది. తర్వాత నిన్న, ఈరోజు, రేపు అని వేళ్ళు మడిచి, ఒక్కో వేలూ "నాప్" అనేది. సూర్యుడూ రోజూ ఒకటే.

"దీంట్లో ఏముండాది? మాకూ పొద్దంటే సూర్యుడే, పొద్దంటే వేళే" అంది మస్తాన్‌బీ.

హేత్ అంటే ఏడు, హేత్ అంటే వారం. అది విని మాత్రం మస్తాన్‌బీ కాసేపు ఆలోచించింది. "వారానికి ఏడు రోజులు గనక ఆ లెక్క అతుకుతాది. మాది చూడు, ఏడంటే ఏడు, ఏడంటే సంవత్సరం. రెండిటికీ ఏం పొత్తు? మీవోళ్ళే నయం."

బదులుగా తన ఇంటిమాట ఒకటి ఇచ్చింది. ఉర్దూలో నిన్నా కల్, రేపూ కల్. చేతిని వీపు వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి చూపించి చెప్పేసరికి ఎర్జీ కళ్ళు పెద్దవి చేసింది. మరి తేడా ఎట్లా తెలుస్తుందన్నట్టు చేతులు తిప్పింది.

"తెలీదు. పెండ్లికి పిలిస్తే అయిపోయిందో అయ్యేదుండాదో పొయ్యి చూసుకోవాల్సిందే" అంది మస్తాన్‌బీ. ఎర్జీకి ఎంత అర్థమైందో గానీ గట్టిగా నవ్వింది. ఆత్మకూరు ఆమె నవ్వు వినడం అదే మొదలు.

లెవేల్ అంటే ఆకు, లెవేల్ అంటే ఉత్తరం. ఆర్ అంటే ధర, ఆర్ అంటే వరద. "రెండూ పెరిగితే మనకు దిగులే" అని మస్తాన్‌బీ దాన్ని చప్పున పట్టేసింది. అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన మాటలు మాత్రం వాన్, నించ్. వాన్ అంటే ఉంది, నించ్ అంటే లేదు. పేలదువ్వెన ఉందా అని ఎవరైనా అడిగితే మస్తాన్‌బీ ఎర్జీ వైపు చూసేది. ఎర్జీ బుట్టలో చెయ్యి పెట్టి "నించ్!" అని అరిచేది. గిరాకీ వచ్చినవాళ్ళు కూడా నవ్వుకుంటూ "నించంట, పదండి" అని పోయేవాళ్ళు.

ఎర్జీ ఆమెను "మస్తాన్ నేని" అని పిలిచేది. ఒక ఆదివారం తిరుపాలు దానికి అర్థం చెప్పాడు. "పెద్దవాళ్ళని అట్టా పిలుస్తారు మస్తానమ్మా. అత్తయినా నేనినే, పిన్నమ్మయినా నేనినే, దోవన పొయ్యే ముసలామయినా నేనినే."

"నన్ను ముసలోళ్ళలో కలిపిందన్నమాట. కలపనీలే. అత్తకూ పిన్నమ్మకూ ఒకటే మాటయితే పెట్టేవాళ్ళెవురో తీసుకునేవాళ్ళెవురో ఎట్టా తెలస్తాదయ్యా?"

తిరుపాలు ఆ ప్రశ్నను పెళ్ళానికి చెప్పబోయి, ఆ భాషలో దారి దొరకక మానుకున్నాడు.

సరుకు కోసం ఉదయగిరికి పోయేటప్పుడు ఒకసారి మస్తాన్‌బీ ఎర్జీని వెంటబెట్టుకొని పోయింది. బస్సు రావడం ఆలస్యమైంది. మూటల మీద కూర్చొని దారివైపు చూస్తున్న జనాన్ని ఎర్జీ చూపించి, "వార్" అంది. ఎదురుచూడడం. ఉదయగిరిలో దిగగానే దుర్గం కొండను, దాని మీద గోడల్ని చూసి చెయ్యెత్తి మళ్ళీ "వార్" అంది. కోట.

షావలి తన ఇంటి ముందు కూర్చొని చెక్క చిత్రిక పడుతున్నాడు. అక్క ఆ సంగతి చెబితే కొండవైపు తల ఎత్తి చూశాడు. "రాజులు పొయ్యి ఎన్నాళ్ళయిందో. అది ఇంకా ఎవురికోసం ఎదురుచూస్తా ఉండాదో ఏమో."

ఆ మధ్యాహ్నం షావలి భార్య కరీంబీ మాంసానికి తాలింపు పెట్టింది. ఆ వాసన తగలగానే ఎర్జీ నోరు మూసుకొని పెరట్లోకి పరిగెత్తింది. కరీంబీ వెనకే పోయి వీపు నిమిరి, కంటి రెప్ప కిందికి లాగి చూసి వచ్చింది.

"వదినా, నీ అద్దెపిల్లకు నెల తప్పింది."

మస్తాన్‌బీకి సంతోషమూ దిగులూ ఒకేసారి కలిగాయి. ఈ పిల్లకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎవరు చెబుతారు? అత్త ఆదిశేషమ్మ పెళ్ళి తర్వాత ఒక్కసారే వచ్చింది. చెడ్డ మనిషి కాదు. కోడలి మొహం చూస్తూ కూర్చొని, ఏం మాట్లాడాలో తెలియక, తెచ్చిన నేతిచెంబు అక్కడ పెట్టి సాయంత్రం బస్సుకు పోయింది. అప్పటినుంచి కొడుకు చేత బాగోగులు అడిగించడమే.

నెలలు నిండుతూ వచ్చాయి. ఏడో నెల పడగానే వీధిలో ఆడవాళ్ళందరూ ఒకటే ప్రశ్న. ఇక్కడ తొలిచూలు పిల్ల ఎదురైతే ఎవరైనా అడిగేదే అది. పుట్టింటికి ఎప్పుడు పోతావమ్మా? తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఆ మాట అడగకపోతే ఆ పిల్లను పట్టించుకోనట్టు. నీళ్ళు మోసే కామమ్మ కూడా చేతులు ఊపి, ఆకాశంలో విమానం పోయినట్టు చూపించి అడిగేది. ఎర్జీ తల ఊపి నవ్వేది.

ఎర్జీకి తల్లి ఉందని అందరికీ తెలుసు. వెనక వాటాలో నడిగోడ మీద ఆమె పటం ఉంది. తలకు గుడ్డ కట్టుకొని, కళ్ళు చిట్లించుకొని నవ్వుతున్న మనిషి. పటానికి దండ లేదు, బొట్టు లేదు. పోయినవాళ్ళ పటానికి దండ వేయకుండా ఏ ఇంట్లోనూ ఉంచరు కాబట్టి ఆమె బతికే ఉందని చూసినవాళ్ళందరూ అనుకున్నారు. ఆదిశేషమ్మ కూడా వచ్చినప్పుడు ఆ పటం చూసి, "వియ్యపురాలికి నా అంత వయసుంటాది" అని పోయింది. ఎర్జీని ఎవరూ అడగలేదు. గోడే చెబుతుంటే అడగడం దేనికి?

మస్తాన్‌బీ లెక్క వేరే. హంగరీ దూరాభారం. ఆలస్యమయ్యేకొద్దీ ప్రయాణం కష్టమవుతుంది. తిరుపాలు డ్యాం గొడవలో పడి ఈ సంగతి మరిచిపోయినట్టున్నాడు, తానన్నా గుర్తు చేయాలి. దానికోసం తనకు వచ్చిన మాటల్లోంచి నాలుగు ఏరి, రెండు రోజులు నోట్లో నానబెట్టుకుంది. మూడో రోజు, ఎర్జీ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, ఎదురుగా నిలబడి అడిగింది.

"మికోర్ మేస్ ఆన్యా హాజ్?"

ఎప్పుడు పోతావు, అమ్మ ఇంటికి. ఒక్కో మాటా పేర్చి చెప్పింది. ఎర్జీ చేతిలో తడి చొక్కా అట్లాగే ఉండిపోయింది.

"నేని?"

అర్థం కాలేదేమోనని మస్తాన్‌బీ మళ్ళీ, ఈసారి గొంతు పెంచి, నవ్వుతూ అడిగింది. ఎర్జీ చొక్కాను బకెట్టులోకే జారవిడిచింది. "యో" అంది. మంచిది, సరే అనడానికి వాళ్ళ మాట అది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తల్లి గుర్తొచ్చిందేమో అనుకుంది మస్తాన్‌బీ. అంత పొడుగు వాక్యం ఒక్క తప్పు లేకుండా చెప్పినందుకు అంగట్లో సిద్ధయ్య దగ్గర గొప్పలు కూడా పోయింది.

మరుసటి రోజు ఎర్జీ అంగడికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మస్తాన్‌బీ పంపిన పెసరపప్పు మూత తీయకుండానే తిరిగొచ్చింది. కామమ్మ బిందె దించుతూ అంది, "పెట్టె సర్దుకుంటా ఉండాదక్కా ఆయమ్మ."

"పుట్టింటికి గదా, సర్దుకోదా?"

"సర్దుకుంటాదిలే. అయితే నేలంతా కడిగింది. గోడకుండే మేకులు గూడా పీకి ఆడ పెట్టింది."

మస్తాన్‌బీ గరిటెల కట్ట కింద పెట్టింది. చాలామందికి ఇల్లు అద్దెకిచ్చిన మనిషి ఆమె. పుట్టింటికి పోయే పిల్ల సగం సామాను ఎట్లున్నది అట్లా వదిలేసి పోతుంది, తిరిగి రావాలి గనక. నేల కడిగి మేకులు పీకేది ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు. ఈ రెండు సర్దుళ్ళకూ తేడా తెలియకపోతే ఆమె వ్యాపారం చేసి ఏం లాభం?

లేచి ఇంటికి పోదామనుకుంటుండగానే కలిగిరి బస్సు వచ్చింది. అందులోంచి ఆదిశేషమ్మ దిగింది. చంకన బుట్ట, అందులో చలిమిడి, గాజులు, కొత్త చీర. నేరుగా అంగట్లోకే వచ్చి కూర్చుంది.

"బీబమ్మా, మావాడు డ్యాం కాడే ఉండాడంట గదా. నీకు ఆ పిల్ల మాట వస్తాదంటనే. పా, వచ్చి చెప్పు. ఈ చలిమిడి తిని, గాజులేసుకొని, పుట్టింటికి పొయ్యి సుఖంగా కని రమ్మను. నేను అంతకంటే ఏం చెయ్యగలను?"

ఇద్దరూ వెనక వాటాలోకి పోయారు. ఎర్జీ తాడు కట్టిన ట్రంకుపెట్టె మీద కూర్చొని ఉంది. గోడ బోసిగా ఉంది. తల్లి పటం ఆమె ఒళ్ళో ఉంది. అత్త తట్టలో గాజులు, చీర పెట్టి ముందుకు జరిపేసరికి, అవి చూసి ఆమె పటాన్ని దగ్గరికి లాక్కుంది. సాగనంపేటప్పుడు ఇచ్చే కానుకలని ఆమెకూ తెలిసింది. లేచి నిలబడి, "మేగ్యేక్" అంది. పోతున్నాను.

మస్తాన్‌బీ పటాన్ని చూపించి మెల్లగా అడిగింది. "ఆన్యా వార్?" అమ్మ ఎదురుచూస్తుంటుందా?

ఎర్జీ తల అడ్డంగా ఊపింది. "ఆన్యా నించ్."

అంగట్లో దువ్వెన లేదన్న మాటే. అదే గొంతు, అదే నోరు. మస్తాన్‌బీ ఇంకోటి అడిగింది.

"హాజ్?"

"హాజ్ నించ్."

"ఏమంటా ఉండాది?" అంది ఆదిశేషమ్మ.

"తల్లి లేదంటక్కా. ఇల్లూ లేదంట."

ఆదిశేషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో! పటానికి దండ లేదు గదా బీబమ్మా. బతికే ఉండాదనుకున్నానే!"

"నువ్వేంది, ఊరంతా అట్టే అనుకున్నాం."

అప్పుడు ఎర్జీ తెలుగులో, ఎన్నాళ్ళనుంచి కూడబెట్టుకుందో, నాలుగు మాటలు తీసింది. "నేను ఏం తప్పు చేసినా?"

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో మస్తాన్‌బీకి వెంటనే తెలిసింది. పెరట్లో తాను నవ్వుతూ, గొంతు పెంచి, రెండుసార్లు అడిగిన మాట. ఇంటి యజమానురాలు ఎదురుగా నిలబడి ఎప్పుడు పోతావంటే, తల్లీ ఇల్లూ లేని పిల్లకు అది ఎట్లా వినిపిస్తుంది? వీధంతా చేతులూపి అడుగుతున్నదీ అదేనని అప్పుడు అర్థమై ఉంటుంది. ఇప్పుడు అత్త చీర పట్టుకొని వచ్చింది. డ్యాం దగ్గరున్న మొగుణ్ణి అడగాలంటే, అతనూ అవునంటాడేమోనని భయం.

పుట్టిల్లు లేకపోవడమంటే ఏమిటో మస్తాన్‌బీకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె తల్లి ఆమెకు పెళ్ళికాకముందే పోయింది. తొలి కాన్పు అత్తింట్లోనే జరిగింది. వాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ తర్వాత ఏ చిన్న మాట వచ్చినా అత్త, "పథ్యం గూడా మేమే పెట్టుకున్నాం గదా" అనేది. ఆ మాటను తక్కెట్లో రెండో పక్క వేసి తూచడానికి మస్తాన్‌బీ దగ్గర ఎప్పుడూ ఏమీ లేకపోయింది.

ఎర్జీని మళ్ళీ పెట్టె మీద కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యి వేసి, ఆదిశేషమ్మ వైపు తిరిగింది.

"అయితే ఇప్పుడు ఏం చేద్దామక్కా?"

"నేనే చేసుకుందును. గొర్రెకు పురుడు పోసినదాన్ని, కోడలికి పొయ్యలేనా? నన్ను చూస్తే బెదిరిపోతాది. నాకా ఆ మాట రాదు. ఇంకోటి, తొలి కాన్పు అత్తింట్లో చెయ్యడం మాలో యాడా లేదు. దిక్కులేని పిల్లని తెచ్చుకున్నారని రేపు నా మనవణ్ణే అంటారు."

"దిక్కుండాది. పుట్టిల్లు నాది."

ఆదిశేషమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నీదా? మీరు సాయిబులు గదా!"

"ఈ పిల్లేమన్నా మీ కులమా? అంత దూరం నించి మీ ఇంటికి వచ్చింది, అంగణం దాటి మా ఇంటికి రాలేదా?"

"కూడు?"

"బియ్యం నువ్వు పంపు, కుండ నువ్వు పంపు. కామమ్మ వండుతాది. పక్కన పడుకునేది నేను, కాపడం పెట్టేది నేను."

ఆదిశేషమ్మ బొడ్లోంచి వక్కాకు తీసి నోట్లో వేసుకుంది. అది చూసి మస్తాన్‌బీకి గుండె కుదుటపడింది. నోట్లో వక్కాకు వేసుకున్న మనిషి లేచి పోదు, బేరానికి కూర్చున్నట్టు.

"యెనకింట్లో నించి ముందింట్లోకి పొయ్యేది పుట్టింటికి పోయినట్టా బీబమ్మా? పొలిమేరన్నా దాటొద్దూ?"

"దాటిద్దాం. ఉదయగిరిలో నా తమ్ముడిల్లుండాది. వాడొచ్చి మేనమామ లెక్కన పిలుచుకొని పోతాడు. మూడు నిద్దర్లు చేసి, ఆస్పత్రి దగ్గరుంటాదని తిరిగి నా ముందింటికి తెస్తాం."

"మేనమామ కోక పెట్టాల."

"పెడతాడు."

"బిడ్డతో వచ్చేటప్పుడు సారె పంపాల."

"గరిటెలు పంపిస్తా. మీ పల్లెంతా పంచుకో."

ఆదిశేషమ్మకు నవ్వు ఆగలేదు. వక్కాకు రసం ఒలికిపోకుండా నోరు మూసుకొని భుజాలు కదిలేట్టు నవ్వింది. బేరం తెగిందని మస్తాన్‌బీకి అర్థమైంది.

ఇక మిగిలింది ఎర్జీకి చెప్పడం. అది అన్నిటికన్నా కష్టమైంది. నేర్చుకున్న మాటలన్నీ వెతికినా మేనమామ లేడు, సారె లేదు, మూడు నిద్దర్లు లేవు. చెక్కలు, ఆకులు, ధరలు, వరదలు ఉన్నాయి. చివరికి రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని, "ఆన్యా హాజ్" అంది. ముందింటి వైపు చెయ్యి చూపించింది. "వాన్. ఆడ. వాన్."

ఎర్జీ నమ్మలేదు. అయినా మస్తాన్‌బీ ట్రంకుపెట్టె తాడు విప్పుతుంటే అడ్డం రాలేదు. ఆదివారం తిరుపాలు వచ్చి, జరిగింది విని తల పట్టుకున్నాడు. "వాళ్ళలో పటానికి దండ వెయ్యరు మస్తానమ్మా. నాకు తెలుసు గనక అందరికీ తెలుసనుకున్నా." పెళ్ళాం పక్కన కూర్చొని చాలాసేపు వాళ్ళ భాషలో చెప్పాడు. మధ్యలో ఎర్జీ ఒకసారి మస్తాన్‌బీ వైపు, ఒకసారి అక్కడే ఉండిపోయిన అత్త వైపు చూసింది. తర్వాత లేచి పోయి, ఆ పొద్దున మస్తాన్‌బీ మళ్ళీ పంపిన పప్పుగిన్నె తెచ్చుకొని, మూత తీసి తినడం మొదలుపెట్టింది.

షావలి, కరీంబీ అనుకున్న రోజున వచ్చారు. షావలి వీధి చివరినుంచే పళ్ళెం నెత్తిన పెట్టుకొని, నిజం మేనమామలాగా గంభీరంగా నడిచాడు. సిద్ధయ్య టీ మానుకొని వెనకే వచ్చాడు. ఆదిశేషమ్మ కోడలికి బొట్టు పెట్టి, ఒళ్ళో చలిమిడి పెట్టింది. పటం కోసమని చామంతి దండ కూడా కట్టించి తెచ్చింది. ఎర్జీ పటాన్ని వెనక్కి తీసుకొని వద్దని తల ఊపింది. దండను మాత్రం వదలకుండా తన కొప్పుకు చుట్టుకుంది.

ఆదిశేషమ్మ ఏమంటుందోనని మస్తాన్‌బీ ఆమె మొహం చూసింది.

"పోనీలే. పూలు వాడిపోకుండా ఉంటే చాలు" అంది ఆదిశేషమ్మ.

బస్సు కదలబోతుండగా ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, ఊచలు పట్టుకొని లోపలికి తొంగి చూసింది.

"వదినా, పిల్ల జాగర్త. గుంతలొస్తే పట్టుకో."

అన్నాళ్ళూ బీబమ్మా అన్న నోటితో వదినా అంది. కోడలి తల్లిని పిలిచే పిలుపు అది. మస్తాన్‌బీ "సరే వదినా" అని ఊరుకుంది. మంచి ధర పలికినప్పుడు నోరెత్తకూడదని ఆమెకు తెలుసు.

ఉదయగిరిలో దిగేసరికి ఎండ చల్లబడుతోంది. షావలి ఇంటి అరుగు మీద ఎర్జీ కాళ్ళు చాపుకొని కూర్చుంది. కరీంబీ లోపల ఒక మేకు కొట్టి పటం తగిలించింది, దండ లేకుండానే. ఎదురింటి దేవకమ్మ చాట చేతిలో పట్టుకొని గబగబా వచ్చింది.

"ఏమ్మా, పుట్టింటికొచ్చినావా? ఎన్నాళ్ళుంటావు?"

మస్తాన్‌బీ ఎర్జీ వైపు చూసింది. ఇది కూడా ఇక్కడ ప్రేమగా అడిగేదే. కానీ ఇప్పుడిప్పుడే కూర్చున్న పిల్లకు మళ్ళీ ఎట్లా వినిపిస్తుందో! దేవకమ్మ నోరు మూయించాలని లేవబోయింది.

ఎర్జీ ముందే అందుకుంది. గడ్డంతో మస్తాన్‌బీ వైపు చూపించి, "అమ్మని అడుగు" అంది.

దేవకమ్మ ఇటు తిరిగింది. మస్తాన్‌బీకి వచ్చిన అయిదారు భాషల్లో ఒక్క మాటా చప్పున దొరకలేదు. కాసేపటికి దొరికింది.

"ఇప్పుడే గదమ్మే వచ్చింది. కాళ్ళన్నా కడుక్కోనీ."